నెలకి ఎనిమిది వందల ఎనభై మంది

"ఆ ఫోను అవతల పెట్టి పాలు చూడు, పొంగిపోతాయి" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

పాలు పొంగడానికి ఇంకా చాలాసేపుంది. పెళ్లయిన పదహారేళ్లలో ఆ ఇంట్లో పాలు పొంగిపోయింది రెండే రెండుసార్లు, ఆ రెండుసార్లూ పొయ్యి దగ్గర నిలబడింది ఆయనే. అయినా "చూస్తున్నానండీ" అంది ఆమె. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోనులో ఎవరో ఒకావిడ, చిన్నపిల్లలకి లెక్కలు చెప్పినట్టు నెమ్మదిగా చెబుతోంది. జనం నెట్‌లో ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలతో రాయండి, మీకు నచ్చిన మాటలతో కాదు. ఆమె గరిటె పక్కన పెట్టి, షాపు పాత బిల్లు పుస్తకం వెనకవైపు ఖాళీ పేజీలో ఆ వాక్యం రాసుకుంది.

షాపంటే సోఫాలు బాగుచేసే షాపు. మామగారు పెట్టింది. బోర్డు మీద ఆయన పేరు, పక్కన "అండ్ సన్స్" అని ఉంటుంది. ఆయన పోయాక పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, నడుపుతున్నాడు. వీధిలో అందరూ అతన్ని సోఫాలాయన అనే పిలుస్తారు. చెక్కపనీ, స్ప్రింగుల పనీ అతనిది. కవర్లు కుట్టేది మాత్రం అత్తగారు. షాపు వెనక గదిలో, కిటికీ పక్కన మిషను మీద, ముప్పై ఏళ్లుగా. ఆ గదిలోకి బయటివాళ్లెవరూ రారు. "కవర్లు ఎవరు కుడతారండీ, చక్కగా కుదిరాయి" అని ఎవరైనా అడిగితే, "మన దగ్గర మనుషులున్నారు లెండి" అనేవారు మామగారు. కొడుకూ అదే మాట పట్టుకున్నాడు. మనుషులంటే ఒకే ఒక్క మనిషి. ఆ మనిషే మధ్యాహ్నం లేచి అందరికీ వడ్డించి, తను నాలుగు మెతుకులు తిని, మళ్ళీ మిషను ముందు కూర్చునేది.

ఎదురు వీధి నర్సమ్మ ఒకరోజు కుర్చీ తెచ్చి, "మీ షాపు ఇంత దగ్గర్లో ఉందని తెలియనే తెలియదండీ. నెట్‌లో వెతికితే ఎక్కడో ఊరి చివర షాపు చూపించింది" అంది. సోఫాలాయన నవ్వేసి, "మా తమ్ముడు వెబ్‌సైటు చేశాడుగా, సరిగ్గా చూసుండరు" అన్నాడు. నర్సమ్మ అన్న మాట సోఫాలాయన భార్య మనసులో ముల్లులా ఉండిపోయింది. మధ్యాహ్నం గిన్నెలు తోమాక మరిది చేసిన సైటు తెరిచి చూసింది. "అత్యున్నత నాణ్యత గల అప్‌హోల్‌స్టరీ సొల్యూషన్స్" అని ఉంది. ఎవరి నోటినుంచి వస్తుందా మాట? సోఫా చిరిగిన ఇల్లాలు ఎవరైనా "అయ్యో, నాకో అప్‌హోల్‌స్టరీ సొల్యూషన్ కావాలి" అనుకుంటుందా? పెళ్లికి ముందు ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ఒక్క దీర్ఘం తేడా వస్తే పేజీ వెనక్కి పంపేది. పెళ్లయిన నెలకి ఆ ఉద్యోగం మానిపించి, "నీ కామాలూ ఫుల్‌స్టాపులూ ఇంట్లో పెట్టుకో, చాలు" అన్నాడు భర్త, పెద్ద జోకు వేసినట్టు. ఇంట్లో పెట్టుకోవడానికి చోటేదీ? ఫుల్‌స్టాపు పెట్టే అవకాశం ఉన్న పని ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

అలా మొదలుపెట్టింది నేర్చుకోవడం. ఉచితంగా దొరికే పాఠాలు, ఉచితంగా దొరికే గైడ్లు. బట్టలు మడతపెడుతూ ఒక పాఠం, కూరగాయలు తరుగుతూ ఇంకో పాఠం. పేజీకి శీర్షిక ఎలా పెట్టాలి, కింద రెండు లైన్ల వివరణ ఎలా రాయాలి, బొమ్మ కనపడని వాళ్లకి కూడా అర్థమయ్యేలా బొమ్మ కింద ఏం రాయాలి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి ఎలా వేయాలి. బిల్లు పుస్తకం సగానికి వచ్చింది. అన్నిటికన్నా ఆమెకి వింతగా తోచింది ఒక ఉచిత టూలు. మనం ఏదైనా మాట కొడితే, ఆ మాటని నెలకి ఎంతమంది వెతుకుతున్నారో చెబుతుంది. "కూర్చుంటే సోఫా కుంగిపోతోంది" కొట్టింది. అంకె వచ్చింది. "సోఫా మీద పాలు ఒలికితే వాసన" కొట్టింది. అంకె వచ్చింది. ఊరూ పేరూ తెలియని ఇన్నిన్ని ఇళ్లలో, ఇంతమంది తనలాగే చేతులు తుడుచుకుని ఎవర్నో అడుగుతున్నారు. ఉండబట్టలేక ఒకసారి "ఇంట్లో నా మాట ఎవరూ వినరు" అని కూడా కొట్టింది. వచ్చిన అంకె చూసి గబుక్కున ఫోను బోర్లించేసింది.

"కుషన్ కవర్ మూలలు సరిగ్గా రావడం లేదు" అన్న మాటకి ఎనిమిది వందల ఎనభై వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి తెలియదు. తెలిసిన మనిషి వెనక గదిలో ఉంది.

అత్తగారితో ఆమెకి అంతకుముందు మాటలు తక్కువ. "చదువుకున్న చేతులకి గిన్నెల మసి అంటదు" అని కొత్తలో అన్న మాట ఇంకా పచ్చిగానే ఉంది. అయినా వెళ్లి మిషను పక్కన పీట వాల్చుకుని అడిగింది.

"దిండు మూలలు పిల్లి చెవుల్లా నిక్కకుండా ఎలా కుడతారత్తయ్యా?"

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "నీకెందుకే?"

"నాకు కాదు. జనం అడుగుతున్నారు. నెలకి ఎనిమిది వందల ఎనభై మంది."

మిషను ఆగిపోయింది. "ఎవర్ని? నన్నా?"

"మిమ్మల్నే అనుకోండి. జవాబు మీ దగ్గరేగా ఉంది."

ఆవిడ కళ్లద్దాలు పైకి జరుపుకుంది. తర్వాత చేతిలో గుడ్డ తిప్పి చూపించింది. "మూల దాకా తిన్నగా కుట్టకూడదు. మూల ఇంకో జానెడు దూరం ఉందనగా కొద్దికొద్దిగా లోపలికి జరుగుతూ రావాలి, మూల దగ్గరికొచ్చేసరికి అర అంగుళం లోపలుండాలి. చూడ్డానికి తప్పు కుట్టినట్టుంటుంది. దూది నిండాక అదే సరిగ్గా కూర్చుంటుంది." ఆగి, "నాకెవరూ చెప్పలేదు. పాతిక దిండ్లు పాడుచేసి తెలుసుకున్నా. ఆ పాతికకీ మీ మామగారితో తిట్లు తిన్నా" అంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అదే పని. కొత్త బట్టని తడిపి ఆరేశాకే ఎందుకు కత్తిరించాలో, మఖమల్‌ని చేత్తో నిమిరి ఏ వైపు నున్నగా ఉందో ఎలా చూడాలో, పాత కవరు విప్పేటప్పుడు దారం ఎక్కణ్ణుంచి తెంపాలో ఆవిడ చెప్పేది, ఈమె బిల్లు పుస్తకంలో రాసుకునేది. మధ్యలో సొంత సంగతులూ దొర్లేవి. చిన్నకొడుకు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలదాకా మిషను తొక్కిందట. కుట్టుపని నేర్పే చోట టీచరుగా రమ్మని ఎవరో అడిగితే, "మన ఇంటి పని ఎవరు చేస్తారు?" అన్నారట మామగారు. "నిజమేగా, ఎవరు చేస్తారు?" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు వినడానికి కష్టంగా ఉంది.

మరిది ఏనాడో చెప్పి మరిచిపోయిన పాస్‌వర్డుతోనే ఆమె ఆ పేజీలన్నీ షాపు సైటులో పెట్టింది, అత్తగారి మాటలు అత్తగారి మాటల్లాగే. దిండ్ల మూలల పేజీలో ఆవిడ చేతుల ఫోటో పెట్టింది. మొదటి నెల ఆ పేజీ, వెతికేవాళ్లకి వచ్చే ఫలితాల్లో ఎక్కడో ఆరో పుటలో ఉంది. నాలుగో నెలకి మొదటి పుటకి వచ్చింది, పైనుంచి మూడోది. కింద జనం ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు. ఆమె చదివి వినిపించేది, ఆవిడ చెప్పిన జవాబు టైపు చేసేది. ఎవరో "మా అమ్మ కూడా ఇలాగే కుట్టేది, ఎలా అని అడగకుండానే పోయింది" అని రాస్తే, ఆవిడ దాన్ని మళ్ళీ ఒకసారి చదివించుకుంది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

షాపుకి ఫోన్లు పెరిగాయి. "కొత్త బోర్డు పెట్టించాను కదా, దాని మహిమ" అన్నాడు సోఫాలాయన. "నా సైటు పని చేస్తోందన్నయ్యా" అన్నాడు మరిది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారు, ఇక్కడ చెట్టు పేరు కూడా ఎవరూ చెప్పలేదు. "నేను రాశానండీ, అత్తయ్య చెబితే" అని ఆమె ఒకసారి అంది. "సరే, మంచి కాలక్షేపం" అని ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

వానాకాలంలో అత్తగారికి దగ్గు పట్టుకుంది. ముప్పై ఏళ్ల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నాడు డాక్టరు. మంచం ముందుగదిలో వేశారు. పొద్దున్నే ముఖం తుడుస్తుంటే ఆవిడ అడిగే మొదటి మాట, "ఎంతమంది?" ఆ పేజీలు ఎంతమంది చదివారో ఆమె ఫోను చూసి చెప్పేది. నెలకి ఆరువందలు. ఏడువందల ఇరవై. ఎనిమిది వందల పది. మందులకన్నా ఆ అంకెకే ఆవిడ ముఖంలో కాస్త రక్తం తిరిగేది.

ఒక పొద్దున ఆమె ఫోను తెరిస్తే పేజీ లేదు. ఏదీ లేదు. "మీరు అడిగిన పేజీ దొరకలేదు" అని మాత్రం ఉంది. మరిదికి ఫోన్ చేసింది.

"సైటు కొత్తగా చేయించాం వదినా, మా ఫ్రెండు కంపెనీతో. పాత చెత్తంతా తీసేశారు. ఇంటి కబుర్లు ఉంటే బ్రాండు పడిపోతుంది."

"జనం అడిగిన ప్రశ్నలు? వాటి కింద అత్తయ్య జవాబులు?"

"అవి కూడా పోయే ఉంటాయి. ఎందుకు వదినా, అవేమైనా ఆస్తి కాగితాలా?"

కొత్త సైటు తెరిచింది. కోటు వేసుకున్న అన్నదమ్ములిద్దరూ మామగారి ఫోటో కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "మూడు దశాబ్దాల నైపుణ్యం" అని రాసుంది. ఆ దశాబ్దాలు ముందుగదిలో మంచం మీద దగ్గుతున్నాయి.

"ఎంతమంది?" అంది అత్తగారు, గుక్క తిప్పుకుంటూ.

ఆమె ఫోను వైపు చూసింది. ప్రూఫులు దిద్దిన మనిషి, లేని అంకెని ఉన్నట్టు చదవడం అదే మొదటిసారి. "వెయ్యి దాటారత్తయ్యా."

"వెయ్యే!" ఆవిడ కళ్లు మూసుకుంది. "అయితే వెయ్యిళ్లలో దిండ్లు సరిగ్గా కూర్చున్నాయన్నమాట." ఆ మాట రోజంతా నెమరేసుకుంది. మర్నాడూ ఆ మర్నాడూ ఆమె అంకె పెంచుతూనే పోయింది. తొమ్మిదో రోజు పొద్దున ఆవిడ అడగలేదు.

వచ్చిన చుట్టాలకి వడ్డించి, పోయిన మనిషి బట్టలు ఉతికి ఆరేసి, ఆమె బిల్లు పుస్తకం తీసింది. చెప్పిన అబద్ధాన్ని నిజం చేయాలి, అంతకుమించి ఆలోచించలేదు. ఉచితంగా దొరికే చోట సొంతంగా ఒక సైటు పెట్టుకుంది. ఒక్కొక్క పేజీ మళ్ళీ టైపు చేసింది. చేతుల ఫోటో ఫోనులో ఉంది కాబట్టి బతికింది. ప్రశ్నలూ జవాబులూ మాత్రం ఇక లేవు. గుర్తున్నవి రాద్దామని కూర్చుంటే, ఆవిడ గొంతు వస్తోంది కానీ మాటలు రావడం లేదు. ఎంత ఏడ్చినా ఒక్క జవాబూ పూర్తిగా గుర్తురాలేదు. పాత ర్యాంకూ పోయింది, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. "ఇంకా ఆ ఫోనేనా?" అనే మాట రోజూ వినపడుతూనే ఉంది. ఎనిమిది నెలలు పట్టింది.

చదివేవాళ్లు నెలకి వెయ్యి దాటిన రోజు మంగళవారం. బట్టలు ఆరేస్తూ చూసింది. వెయ్యీ పధ్నాలుగు. ముందుగదిలోకి పరిగెత్తింది. మంచం తీసేసి చాలారోజులైంది, అక్కడ షాపు కొత్త కుర్చీ ఉంది. ఎవరికీ చెప్పలేక, తడి చేతులతో ఆ కుర్చీ అంచు మీద కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం భర్త భోజనానికి వస్తూనే ఫోను చాపాడు. "షాపుకొచ్చినావిడ చూపించింది. ఇవి మా అమ్మ చేతులు కదూ?"

"అవునండీ."

ఆయన నిలబడే చదివాడు. చిటికెన వేలి దగ్గర పాత సూది మచ్చని బొటనవేలితో పెద్దది చేసి చూశాడు. కింద "చెప్పింది" అని తల్లి పేరు, "రాసింది" అని భార్య పేరు ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏడుస్తాడేమో అనిపించింది ఆమెకి. ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

"బాగా రాశావు" అన్నాడు చివరికి. "తమ్ముడు చేయించిన సైటుకి ఒక్క ఫోనూ రావడం లేదు. దీని కింద మన షాపు నంబరు పెట్టెయ్, సాయంత్రానికల్లా."

ఆమె కంచం పెట్టి, మంచినీళ్ల గ్లాసు పక్కన ఉంచింది. గొంతు పెంచలేదు.

"పెట్టనండీ. అత్తయ్య ముప్పై ఏళ్లు మీ షాపుకి కుట్టారు. ఇక కుట్టరు."