సూరన్న మోటారు చప్పుడు

మీ గేముకీ ఆ సినిమాకీ ఏమిటి సంబంధం అని అడిగినవాళ్ళకి మొదట్లో ఓపిగ్గానే జవాబు చెప్పాను. తర్వాత విసుక్కున్నాను. ఇప్పుడు నిజం చెప్పేస్తున్నాను: నాకు తెలియదు. సినిమా పేరులో సింహం ఉంది, మా గేములో పిల్లి కూడా లేదు. సినిమాలో హీరో పోర్టు క్రేను మీద నుంచి దూకి ఓడలోవాళ్ళందర్నీ చితక్కొడతాడు. మా గేములో ఒకావిడ ఒడ్డున నిలబడి ఉంటుంది. అంతే.

గేము పేరు 'ఒడ్డు'. చేసింది మేమిద్దరం. నేను షహబాజ్‌ని, వన్‌టౌన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ప్రోగ్రామూ శబ్దాలూ నావి. సింహాద్రిది జాలర్ల ఊరు యారాడ. బొమ్మలూ కథా వాడివి. సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ మీద చిన్న గది తీసుకుని చేశాం. కింద పన్ను తొలిచే మిషను మోగినప్పుడల్లా పైన రికార్డింగు ఆపేసి, డాక్టర్ని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఆట చాలా చిన్నది. యారాడ ఒడ్డు, పొద్దున్నే, మంచు. ఆడేవాళ్ళే ఆ ఒడ్డున ఉన్న ఆడమనిషి. వేటకెళ్ళిన పడవలు తిరిగొస్తుంటాయి గానీ మంచులో కనపడవు, మోటార్ల చప్పుడు మాత్రం వినపడుతుంది. సింహాద్రి వాళ్ళ వాడలో ఏ ఇల్లాలైనా తన పడవ మోటారుని చెవితోనే పోల్చుకుంటుంది. పొయ్యి మీద కూర ఉడుకుతున్నా, దించేసి ఒడ్డుకి నడుస్తుంది. ఆటలోనూ అదే పని. మన చప్పుడు మనం పోల్చుకుని ఎర్రగుడ్డ ఊపితే, మంచులోంచి పడవ వచ్చి ఇసకలో ఆగుతుంది, మనిషి దిగుతాడు. పక్కింటివాళ్ళ చప్పుడుకి ఊపితే నష్టమేం లేదు, మళ్ళీ ఎదురుచూడటమే. పాయింట్లు లేవు, తుపాకులు లేవు. ఎవరు ఆడతారు దీన్ని అని నేను మొదట్లో చాలా గొణిగాను. కానీ దేశం మీద జనం ఆడారు. ఎందుకు ఆడారో కూడా నాకు తెలియదు.

సింహాద్రి దాన్ని జనం కోసం చెయ్యలేదు. మేం ఇంజనీరింగు చదివే రోజుల్లో వాడి తండ్రి సూరన్న ఒక వేకువన వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. తల్లి మంగాయమ్మ బొట్టు తియ్యలేదు. పెద్దకర్మ మాట ఎవరెత్తినా గంప నెత్తిన పెట్టుకుని చేపల బేరానికి వెళ్ళిపోయేది. ఆవిడ కోసం చేశాడు వాడు ఈ ఆట. ఎన్నిసార్లు తప్పు ఊపినా, ఎంత ఆలస్యమైనా, సరైన చప్పుడుకి గుడ్డ ఊపిన రోజు సూరన్న దిగి తీరాలి. రాకుండా పోవడం అనేది ఆటలో ఉండకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

చిక్కల్లా చప్పుడు దగ్గరే వచ్చింది. సూరన్న మోటారుని ఎవరూ రికార్డు చేసి పెట్టుకోలేదు. సింహాద్రి నోటితో చేసి చూపించేవాడు, "మజ్జలో ఒక దెబ్బ ఎగిరిపోద్ది బావా," అని. చివరికి మా అమ్మ ఖైరున్నీసా కుట్టుమిషను చప్పుడు తీసుకుని, నెమ్మది చేసి, బరువు పెంచి, మధ్యలో ఒక దెబ్బ కోసేశాను. వాడు కళ్ళు మూసుకుని విని, మా అయ్యదే అన్నాడు. ఆ కుట్టుమిషను సంగతి వాడికి కూడా చెప్పలేదు. మంగాయమ్మ ఫోనులో ఆట పెట్టి ఇచ్చాం. రోజూ పొద్దున్నే గంప ఎత్తుకునే ముందు ఒకసారి ఆడేది. సూరన్న దిగేవాడు. అప్పుడు లేచి పనిలోకి పోయేది.

ఇలా ఉండగా దిగాడు డైరెక్టరు సాయిశంకర్, హైదరాబాదు నుంచి. మంచి మనిషే, నమ్రత గలవాడు, అదే నాకు ఒళ్ళుమంట. తిట్టుకోడానికి కూడా పట్టు దొరకదు. మా గదిలో టీ తాగుతూ ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పమన్నాడు. సింహాద్రి చెప్పాడు, అంతా చెప్పాడు. విని ఆయన గ్లాసు కింద పెట్టి, దీన్ని సినిమా తీస్తానన్నాడు. హక్కులు ఇవ్వడానికి సింహాద్రి ఒకటే షరతు పెట్టాడు: ఏం మార్చుకున్నా సరే, చివర్లో పడవ తిరిగి రావాలి. ఆయన తప్పకుండా అన్నాడు. దిగి వెళ్ళాక సింహాద్రి నా చెయ్యి పట్టుకుని, "సినిమాలో మా అయ్య ములిగిపోతే మాయమ్మ పేనం ఆగదు బావా," అన్నాడు. వాడి భయం అదొక్కటే.

తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా కథ మారేది. విలన్ ఎవరు అని అడిగేవాడు. సముద్రం అనేవాళ్ళం. సముద్రానికి డేట్లు దొరకవు అని నవ్వేవాడు. ఒడ్డున ఆడమనిషికి ఒక కొడుకు పుట్టాడు, ఆ కొడుక్కి ఒక ప్రేమకథ పుట్టింది. ఎక్కడ మొదలుపెట్టినా ఆవు వ్యాసంలా తీసుకొచ్చి పోర్టు స్మగ్లర్ల దగ్గర కట్టేసేవాడు. ఒకసారి నేను ఆగలేక, మా ఆటలో ఉన్నదల్లా ఎదురుచూడటం, అదే మీరు పీకేస్తున్నారు అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఆటలో ఎదురుచూసేది మీరండీ. హాల్లో ఎదురుచూసేది తెర మీద ఆవిడ. మనం పాప్‌కార్న్ తింటూ ఆవిణ్ణి చూస్తాం. అది వేరే పని కదా?" అన్నాడు.

ఇంటికెళ్ళేదాకా దాని మీదే గింజుకున్నాను. ఆయన మాట తప్పని తెలుసు, ఎక్కడ తప్పో తెలియదు. నాకు ఇలాంటివి అసలు పడవు.

విడుదల రోజు పొద్దుటాటకి సాయిశంకర్ మంగాయమ్మని ప్రత్యేకంగా పిలిచాడు. వాడలో ఆడవాళ్ళంతా వ్యాను కట్టించుకుని వచ్చారు. అప్పటికి మేమిద్దరం కూడా సినిమా చూడలేదు. మంగాయమ్మకి ఒక పక్క సింహాద్రి, ఒక పక్క నేను.

మొదటి గంట పాటలతో గడిచింది. అక్కడక్కడా మా ఆటలో బొమ్మలు కనిపిస్తే, హమ్మయ్య అనుకున్నాను. ఇంటర్వెల్ దగ్గరపడుతుండగా తెర నిండా మంచు దిగింది. మోటారు చప్పుడు వచ్చింది, ఏదో లారీ ఇంజను చప్పుడు. నాకు వెంటనే అర్థమైంది. సింహాద్రికి నాకంటే ముందే అర్థమైనట్టుంది, లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఎలిపోదాం రా," అన్నాడు.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. "కూకో," అంది.

కెరటం లేచింది, పడవ తిరగబడింది. హీరో తండ్రి చెయ్యి నీళ్ళలోకి దిగిపోయింది. ఒడ్డున ఆవిడ గుడ్డ ఊపుతూనే ఉంది, ఇంటర్వెల్ అని పడింది. దీపాలు వెలిగేసరికి వాడ ఆడవాళ్ళంతా మంగాయమ్మనే చూస్తున్నారు. ఆవిడ సంచీ విప్పి జంతికలు తీసి, మా ఇద్దరి చేతుల్లో పెట్టి తినమంది. ఏడుస్తుందనుకున్నాం, పడిపోతుందనుకున్నాం, జంతికలు పెడుతుందని అనుకోలేదు.

రెండో సగంలో ఆవిడ కామెడీకి నవ్వింది కూడా. క్రేను మీద నుంచి అలా దూకితే బతుకుతారా బాబూ అని నన్నడిగింది. బతకరమ్మా అన్నాను. ఆఖర్న హీరో పగ తీర్చుకుని పడవలో ఒడ్డుకి వచ్చాడు, జనం ఈలలు వేశారు. మాటంటే మాటే, పడవ వచ్చింది. అందులో సూరన్న లేడు.

హాలు బయటికి రాగానే సాయిశంకర్‌కి ఫోను చేశాను. వినాయకుణ్ణి చెయ్యమంటే కోతిని చేశావు, పైగా మునిగిపోని మనిషిని ముంచావు అని అరిచాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన నిజంగా అయోమయంగా అడిగాడు.

"మొదటి రోజు సింహాద్రి గారే కదండీ చెప్పింది, నాన్నగారు తిరిగి రాలేదని? నేను తీసింది ఆ కథే. ఆ ఒక్క సీనులో నేను మార్చిందేం లేదు."

నా దగ్గర ఇంకా చాలా తిట్లు మిగిలి ఉన్నాయి. ఫోను పెట్టేశాను. సినిమా మా ఆటని వదిలేసి ఎటో పోయిందని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. మరి మా ఆట దేన్ని వదిలేసి వచ్చింది? అసలు కథ ఎవరి దగ్గరుంది? క్రేనూ స్మగ్లర్లూ ఆయన అబద్ధాలు, సరే. ఇసకలో దిగే సూరన్న ఎవరి అబద్ధం?

మర్నాడు పొద్దున్నే సింహాద్రి నన్ను యారాడ లాక్కెళ్ళాడు. ఒక్కడే వెళ్ళడానికి వాడికి ధైర్యం చాలలేదు. మంగాయమ్మ ఒడ్డున గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. సింహాద్రి పక్కనే ఇసకలో కూలబడి, ఆ డైరెక్టర్ని ఊరికే వదలను, కోర్టుకి లాగుతాను అని ఏవేవో అన్నాడు. ఆవిడ చివరిదాకా విని, ఫోను తీసి వాడి ఒళ్ళో పెట్టింది.

"ఆ బాబునేటీ అనకు. ఉన్నదే సూపించినాడు. మీ అయ్య ములిగిపోనాడురా."

"మరి రోజూ ఆట ఆడతన్నావు కదమ్మా?" అన్నాడు వాడు. గొంతు చిన్నపిల్లవాడిలా అయిపోయింది.

"నువ్వు సేసిచ్చినావని ఆడినాను. ఆ సప్పుడు మీ అయ్యది కాదని నాకు మొదటిరోజే తెల్సు. కుట్టుమిసను సప్పుడు లాగుంది అది. నాను ఆడడం మానీస్తే నువ్వేటైపోతావో అని ఆడినాను."

నేను ఎవరికీ చెప్పని మాట అది. సింహాద్రి నా వైపు చూడనైనా లేదు. వాడు తల్లినే చూస్తున్నాడు.

"దినం దినం రప్పిత్తన్నాం ఆ మనిసిని," అంది ఆవిడ. "అలిసిపోయుంటాడు. ఇంక ఒగ్గీరా, పడుకోనీ. పెద్దకర్మ సేసీదాం."

సింహాద్రి బావురుమన్నాడు. తండ్రి పోయినప్పుడు కూడా వాడు ఏడవగా నేను చూడలేదు. ఆవిడ వాడి జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ కూర్చుంది. దూరంగా మోటారు చప్పుడు వినపడింది. పడవ కనపడలేదు గానీ, ఆవిడ అటు చెవి పెట్టి, పక్కింటి ఎంకటేసు వచ్చేస్తన్నాడు అంది. గంప నెత్తిన పెట్టుకుని నీళ్ళ వైపు నడిచి వెళ్ళింది.

సింహాద్రి కళ్ళు తుడుచుకుని ఆట తెరిచాడు. మంచు, ఒడ్డు, మా అమ్మ కుట్టుమిషను. చప్పుడు దగ్గరకొచ్చింది. గుడ్డ ఊపాల్సిన చోట వాడి బొటనవేలు ఉంది. ఊపలేదు. చప్పుడు అటు పోయి, మళ్ళీ ఇటు వచ్చింది. అసలు ఊపకపోతే ఏమవ్వాలో నేను రాయలేదు, అలా ఎవరైనా చేస్తారని నాకు తోచలేదు. అందుకని సూరన్న మంచులో అలా తిరుగుతూనే ఉన్నాడు. ఎప్పుడు ఆగుతుంది బావా అని అడిగాడు. ఆగదురా, నువ్వే ఆపాలి అన్నాను.

ఇంకోసారి దగ్గరకొచ్చేదాకా విన్నాడు. అప్పుడు ఆపాడు.