మూత వెయ్యకు

పెళ్ళికి ముందు, అబ్బాయి కంప్యూటర్లు బాగుచేస్తాడని చెప్పారే తప్ప ఎవరివో చెప్పలేదు. పెద్దకోడలి ఫిర్యాదు నేటికీ అదే. వంటింటి కుళాయి కారుతూనే ఉంటుంది. పడకగది గొళ్ళెం పడదు. ఫ్యాను తిరిగినంతసేపూ పళ్ళు నూరుతుంది. ఆయన మాత్రం భూగోళానికి అవతలిపక్క ముక్కూమొహం తెలియని మనిషెవడో తన కంప్యూటర్ పలకడం లేదని మొరపెట్టుకుంటే చాలు, అన్నం కంచం పక్కకు జరిపి కూర్చుంటాడు. "ఆ కుళాయికి కూడా ఇంటర్నెట్ ఉంటే బావుండేదండీ, వేరే దేశంనుంచి ఫిర్యాదు పెట్టేది" అని ఆమె అంటే ఆయన నవ్వడు, ఆలోచిస్తాడు. అదీ ఆయనతో చిక్కు.

ఆయన పనిచేసేది కంప్యూటర్‌ను నడిపించే యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదాని మీద. అది ఎవరి సొత్తూ కాదు. లోపలి రాతంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. అయితే దిద్దిన ప్రతిదీ లోపలికి పోదు. ఒక్కో భాగానికి ఒక్కో కాపలాదారు ఉంటాడు, అతను సరేనంటేనే. యంత్రాన్ని నిద్రపుచ్చి తిరిగి లేపే భాగానికి కాపలా ఆయనే. ఆ గుమ్మం ముందు సొంత తమ్ముడైనా అందరిలాగే నిలబడాలి.

నిలబడ్డాడు. ఎక్కడో ఒక ఆఫీసు మూతపడి సామాను అమ్మేస్తుంటే అన్నదమ్ములిద్దరూ ఒకే రకం పాత ల్యాప్‌టాప్‌లు చెరొకటి తెచ్చుకున్నారు. తమ్ముడి దానికి ఒక జబ్బు పట్టుకుంది. మూత వేస్తే నిద్రపోతుంది, తెరిస్తే లేవదు, తెరంతా నలుపు. అతను చాన్నాళ్ళు తంటాలు పడి నాలుగు లైన్ల మార్పు రాసి పంపాడు. యంత్రం లేవగానే డిస్కును పలకరించకుండా కాస్త ఆగాలి, అంతే దాని సారాంశం. "నిద్రలేచినవాడికి మొహం కడుక్కునే టైమివ్వాలిగా వదినా. అన్నయ్య కళ్ళు తెరవకముందే లెక్కలడుగుతున్నాడు" అని వంటింట్లో ఆమెకు చెప్పి నవ్వాడు.

అన్న నవ్వలేదు. కారణం తెలియకుండా కాస్త ఆగమనడం మరమ్మతు కాదు, మొక్కుకోవడం అని ఆ పనివాళ్ళందరూ చదివే మెయిలింగ్ లిస్టులో జవాబు రాశాడు. నా యంత్రంలో బాగానే ఉంది, అని చివర్లో ఒక ముక్క తగిలించాడు. తమ్ముడు మళ్ళీ ఏమీ పంపలేదు. ఇంటికి రావడమూ తగ్గించాడు. తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరాడు, తిరిగి రాలేదు. అన్నదమ్ముల మధ్య ఆఖరి మాట ఆ మెయిలింగ్ లిస్టులోదే.

తోడికోడలు ప్రెస్సువాళ్ళకు ప్రూఫులు దిద్దుతుంది. పని ఆ ల్యాప్‌టాప్ మీదే. ఒక ఆదివారం పెద్దకోడలూ ఆయనా చూడబోతే, అది బల్లమీద నోరు తెరుచుకుని ఉంది, పైన దుమ్ము పడకుండా పల్చటి చున్నీ. ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజున దాన్ని అలాగే, తెరిచింది తెరిచినట్టే, రెండు చేతులా పట్టుకుని బస్సెక్కుతుందట. ఇదేంటమ్మా ఒలికిపోతుందా అని కండక్టర్ అడిగాడట. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది. మొన్న బస్సు కుదుపుకు జారబోయిందని, ఒక కీలు విరిగిందని మాత్రం నవ్వకుండా చెప్పింది.

"ఆపేసి మూత పెట్టుకోవచ్చుగా అమ్మా" అన్నాడు ఆయన.

"ఆయన ఆన్ చేసింది బావగారూ. నేను ఆపలేదు." చున్నీ అంచు సరిచేసింది. "ఆస్పత్రికి వెళ్తూ, మూత వెయ్యకు, నేనొచ్చి బాగుచేస్తా అన్నారు."

మరి మరిది రాసిన ఆ నాలుగు లైన్లు తన దాంట్లోనైనా పెట్టుకోలేదా అని పెద్దకోడలు అడిగింది. పెట్టుకున్నాడట, తీసేశాడట. అన్నయ్య ఒప్పుకోనిది దొంగతనంగా వాడుకోవడం దేనికి, ఒప్పుకున్నాకే పెట్టుకుందాంలే అన్నాడట. అది విని అన్న లేచి కిటికీ దగ్గరకు పోయి, అవతల చూడ్డానికి ఏమీ లేని గోడను చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక తన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అది ఏళ్ళ తరబడి పెద్ద తెరకు తగిలించి ఉంది. దాని సొంత తెర నిండా ఆయన అంటించుకున్న చీటీలు. వాటిని ఒక్కొక్కటే పీకి మూత వేశాడు. కీలు కీచుమంది. తెరిచాడు. నలుపు.

అంటే ఎన్నడూ మూత వేసి చూడకుండానే నా యంత్రంలో బాగానే ఉందని లోకానికి చెప్పాడన్నమాట. పెద్దకోడలు ఆ మాట అనలేదు. అనకుండా ఉండటం ఆమెకు వంటకన్నా పెద్ద పని.

ఇక వెతుకులాట. బాగా పనిచేసిన పాత రూపం ఒకటి, చెడిపోయిన కొత్త రూపం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రెంటికీ మధ్య మార్పులు గుట్టలుగా ఉంటాయి. సరిగ్గా నడిమి మార్పు దగ్గర ఆగి మూత వేసి తెరవాలి. లేస్తే తప్పు తర్వాతి సగంలో ఉన్నట్టు, లేవకపోతే ముందు సగంలో. ఇలా సగంలో సగం చేసుకుంటూ పోతే చివరికి ఒక్క మార్పు మిగులుతుంది. దోషి అదే. మూత వేయడం, తెరవడం, నిట్టూర్పు. ఆమె పప్పు రుబ్బుకుంటూ ఆ చప్పుళ్ళు వింది.

దోషి దొరికాడు. ఎవరో పరాయి దేశపు కుర్రాడు. ఆయన వాడికి ఘాటుగా రాశాడు. నేను కీబోర్డు దీపం వెలుగు మాత్రమే మార్చానండీ, మీ యంత్రానికి అసలు ఆ దీపమే లేదు కదా అని ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. మళ్ళీ వెతికినా దారి అక్కడికే తేలింది.

ఆమె కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, బాగా పనిచేసిందని ఎక్కడినుంచి మొదలుపెట్టారు అని అడిగింది. నేను ఆ నిద్రపుచ్చి లేపే భాగాన్ని తిరగరాసిన దగ్గర్నుంచి, అన్నాడు. అక్కడ మూత వేసి చూశారా అంది.

"నేను రాసిందేగా" అన్నాడు.

"ఇల్లంతా తాళంచెవి వెతికించి, చివరికి మీ జేబులోంచే తీశారు, గుర్తుందా?"

ఆమె వేళాకోళానికే అంది. ఆయన తల తిప్పి ఆమెను చూసిన తీరుకు, అనకపోతే బావుండేదనిపించింది.

బాగుందనుకున్న మొదలే చెడిందైతే, వెతుకులాట ఎన్నిసార్లు చేసినా తప్పుడు మనిషి దగ్గరే తేలుతుంది. ఈసారి తన మార్పుకు ముందునుంచి మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఒకటే మిగిలింది. మాసిన తెరమీద ఆయన పేరే. లేచీ లేవని డిస్కును ఊపిరాడనివ్వకుండా పదేపదే పిలిచేది ఆయన రాసిన ముక్కే. అది బెదిరి నోరు కట్టేసుకుంటోంది. తమ్ముడి నాలుగు లైన్లు పాత మెయిల్లోంచి తీసి దాంట్లో పెట్టాడు. మూత వేశాడు, తెరిచాడు. లేచింది. మళ్ళీ వేశాడు. లేచింది. అన్నానికి పిలిస్తే రాలేదు. మూత వేస్తూ, తెరుస్తూ, అది లేచిన ప్రతిసారీ దెబ్బ తిన్నవాడిలా కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ తోడికోడలి ఇంటికి వెళ్ళారు. తోడికోడలు చున్నీ తీసి పక్కన పెట్టింది. ఆయన పెన్‌డ్రైవు తగిలించి, చేయాల్సిందంతా చేసి, గొంతు సవరించుకున్నాడు. ఇక ఒక్కసారి ఆపి ఆన్ చేయాలమ్మా, ఆ తర్వాత ఎన్నిసార్లు మూత వేసినా లేస్తుంది అన్నాడు.

ఆమె తెరవైపు చూసింది. ఓ మూల తన భర్త తెరిచి వదిలేసిన ఫైళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. వేలు మీటదాకా పోయి ఆగింది.

"ఈ మరమ్మతు ఎవరిది బావగారూ?"

"అంటే... ఇద్దరం కలిసి చేసినట్టేనమ్మా."

పెద్దకోడలు మొగుడికేసి చూసింది.

"మీదైతే వద్దు" అంది తోడికోడలు మెల్లగా. "కోపంతో కాదు. ఆయన వెలిగించింది ఆపాలంటే, ఆయనదే అవ్వాలి. లేదంటే ఇలాగే పట్టుకుని తిరుగుతాను, నాకు అలవాటే."

ఆయన ఎదుటి కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాడిదేనమ్మా" అన్నాడు. "అక్షరం మార్చలేదు. జబ్బు నేను రాసిన దాంట్లో ఉంది. చూడకుండానే బాగుందన్నాను, పదిమందిలో వాణ్ణి తీసిపారేశాను. వాడు చెప్పిందే నిజం. నాదే తప్పు."