మెట్ల కింద నీలం పంపు

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు మా నాయిన పెళ్లికొడుకులా తయారవుతాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, జేబులో ఉతికిన దస్తీ. చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. పోచంపల్లిలో ఏళ్ల తరబడి నూలుకు రంగులద్దుతూ, ఆ ఆవిరి పీల్చి పాడైన ఊపిరితిత్తులు ఇస్త్రీ చొక్కాకు బాగుపడతాయా?

ఎల్బీనగర్‌లో మా ఇంట్లో ఊపిరి బలం కొలిచే మీటర్‌లో ఊదితే ముల్లు ఎర్రగీత దాటదు. అదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంద్రాణి డాక్టరమ్మ ముందు ఊదితే పచ్చగీత దాకా పోతుంది. "ఇంట్లది ఖరాబైంది" అంటాడు నాయిన. "మీటర్ మార్చమ్మా రజితా" అంటుంది డాక్టరమ్మ. మార్చాను. కొత్తదీ ఎర్రగీత దగ్గరే ఆగింది. పోయినసారి ఆవిడ పచ్చగీతనే నమ్మి, రోజూ పీల్చే మందు సగానికి తగ్గించింది. అప్పటి నుంచి నాయిన ఒక మాట పూర్తి చేయడానికి మధ్యలో ఆగుతున్నాడు.

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, స్కూటీ మీద తీసుకుపోయాను. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా ఊరేగింపు. నాయినను క్లినిక్ ముందు దింపి, సందులో స్కూటీ పెట్టి వచ్చేసరికి ఆయన మెట్ల కింద గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడే వాడమన్న నీలం పంపు నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు. ఆపి, మళ్లీ పీలుస్తున్నాడు.

పచ్చగీత ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్లసంది చేస్తున్నవ్ గీ పని?"

"ఒర్లకు బిడ్డా, నలుగురు ఇంటరు." దస్తీతో మూతి తుడుచుకున్నాడు. "మనోళ్లంత రోడ్డు మీద కొట్లాడుతున్నరు. నేను పోయి ఆంధ్రా డాక్టరమ్మ ముంగట రొప్పుకుంట నిలబడాల్నా? ఇజ్జత్ ఉండొద్దా?"

ఆ ఊరేగింపుల్లో నేనూ గొంతు చించుకున్నదాన్నే. తెలంగాణ రావాలంటే మా నాయిన ఊపిరి పోవాలని ఎవరన్నారు?

లోపల డాక్టరమ్మ ముల్లు చూసి మురిసిపోయింది. "శభాష్ శంకరయ్యగారూ! ఇక ఆ మిగతా సగం మందు కూడా ఆపేద్దామండీ."

నాయిన పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. ఇక నా వల్ల కాలేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టి నీలం పంపు తీసి బల్ల మీద ఠపీమని పెట్టాను.

"జర ఆగుండ్రి మేడం. గిది పీల్చుకొని ఒస్తుండు మీ ముంగటికి. ఇప్పుడే మెట్ల కింద చూసిన."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "ఇలా మోసం చేస్తే నేనేం చూసి మందు రాయాలండీ?"

"మీరు అడిగిన్రా? పంపు ఎప్పుడు పీల్చినవని ఒక్కసారన్న అడిగిన్రా? ఇంట్ల ఎర్రగ చూపిస్తుందంటే మీటర్ మార్చుమన్నరు. మనిషిని చూడలే!"

కింద రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. డాక్టరమ్మ నీలం పంపు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత "అడగలేదమ్మా. అడగాల్సింది" అంది. నాయినవైపు తిరిగి, "పంపు పనితనం దిగేదాకా ఇక్కడే కూర్చోండి. సాయంత్రం మళ్లీ ఊదుదురుగాని. ఆయాసమొస్తే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే పిలవండి" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నంతసేపు నాయిన దస్తీని మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

సాయంత్రం ఊదితే ముల్లు ఎర్రగీత దగ్గరే నిలిచిపోయింది. వెంటనే దగ్గు అందుకుంది. ఇన్నాళ్లూ ఆవిడ ముందు దాచిన దగ్గంతా ఒక్కసారి బయటపడింది. ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసింది. డాక్టరమ్మ లేచొచ్చి వీపు మీద చెయ్యి వేసి, నీలం పంపు తనే పట్టుకుని పీల్పించింది.

దగ్గు తగ్గాక నాయిన ఆవిడను చూస్తూ అన్నాడు. "పండుకుంటె ఊపిరాడ్తలేదు మేడం. కూసొనే తెల్లారుతుంది."

ఈ మాట ఒకే ఇంట్లో ఉన్న నాకూ చెప్పలేదు.

"ఎప్పటి నుంచండీ?"

నాయిన తల దించుకున్నాడు.

"మీరు మందు తగ్గించినకాడి నుంచి."