చంద్రుడి మీద మా గానుగ బూడిద

పూతలపట్టు కూడలిలో టీ అంగడి ముందర ధనశేఖర్ తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు.

"సూడప్పా గంగాధరం, నువ్వు ఏడో తరగతిలో చెప్పిన మాటే ఈ తెల్లోడు చెప్తా ఉండాడు."

అమెరికావాళ్ళు చంద్రుడి మీద దిగింది ఉత్తదని, అదంతా స్టూడియోలో తీసిన బొమ్మ అని ఫోనులో ఒకాయన వాదిస్తున్నాడు. కింద తెలుగులో అక్షరాలు పోతున్నాయి. గాలి లేనిచోట జెండా ఎట్లా ఊగింది, ఆకాశంలో చుక్కలెందుకు లేవు, నీడలు తలా ఒక దిక్కుకు ఎందుకు పడ్డాయి. చూస్తుండగానే అంగడి రెండు పార్టీలైపోయింది. అట్లయితే మనవాళ్ళు మొన్న దించింది కూడా బొమ్మేనా అని ఎవరో అడిగేసరికి ధనశేఖర్‌కు కోపం వచ్చింది. మనది నిజం, వాళ్ళదే అబద్ధం అన్నాడు. మన ల్యాండరు దిగిన సాయంత్రం ఇదే అంగడి ముందు అందరికీ చాక్లెట్లు పంచింది అతనే. సూళ్లూరుపేటలో బామ్మర్ది ఉన్న పాపానికి, రాకెట్లన్నీ వాళ్ళ మిద్దె మీదినుంచే లేస్తున్నట్టు మాట్లాడతాడు.

నేను టీ గ్లాసు పట్టుకొని పక్కకు జరిగాను. నలభైమూడేళ్ళ కిందట ఈ మాట చెప్పినందుకే నన్ను బెంచీ ఎక్కించారు. తరగతిలో అందరికన్నా ముందు నవ్వింది, అందరికన్నా చివర నవ్వు ఆపింది ఈ ధనశేఖరే. 'బూడిద గంగాధరం' అని పేరు పెట్టింది కూడా ఇతనే. ఆ పేరు పడనిది నా పెళ్ళి పత్రిక మీద ఒక్కచోటే. ఇతను చదువుకొని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అయ్యాడు. నేను ఏడో తరగతి సగంలో వదిలేసి బెల్లం పెనం ముందు నిలబడ్డాను, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఇప్పుడు ఇతను ఉద్యోగం మానేసి, ఊరి పేరుతో ఫోనులో చానెల్ నడుపుతున్నాడు.

"ఆదివారం మీ గానుగ కాడికి వస్తా. మీ నాయన మద్రాసుకు బూడిద తోలింది, నువ్వు బడిలో చెప్పింది, అయ్యవారు కొట్టింది, అంతా చెప్పు. నవ్వినోళ్ళందరికీ నోరు మూతపడల్ల" అన్నాడు.

"నవ్వింది నువ్వే కదప్పా."

"అందుకే కదబ్బా, ఇప్పుడు దిద్దుకుంటా ఉండేది."

ఇంతకాలానికి నా మాట నిజమని ఒకడు ఒప్పుకుంటానంటే సంతోషం కలగలేదని చెప్తే అది అబద్ధమే అవుతుంది. అయినా సరే అనలేకపోయాను. మనసులో ఉన్న ముల్లు వేరే. ఆ బొమ్మ మద్రాసులో తీశారన్న మాట నాయన తెలియక చెప్పాడా, తెలిసి చెప్పాడా? తెలియక చెప్పి ఉంటే అమాయకుడు. తెలిసి చెప్పి ఉంటే, నేను బెంచీ ఎక్కిన రోజు వచ్చి ఎందుకు దించలేదు? పన్నెండేళ్ళయింది ఆయన పోయి. బతికుండగా రెండు మూడుసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా పెనంలోకి చూసి, "పాకం ముదురుతా ఉండాది, గరిటె అందుకో" అనేవాడు.

మా నాయన వరదయ్యకు ఊరి బయట గానుగ ఉండేది. మా బడికి అదే దారి. చెరుకు పిప్పి ఎండబెట్టి పొయ్యిలో వేసేవాళ్ళం. పొద్దున్నే పోతే పొయ్యి వెనక బూడిద మోకాలెత్తు ఉండేది, మెత్తగా, కాలు పెడితే పాదం అచ్చు పడేది. నాయన వేడి పాకం ఆకులో పోసి ఇచ్చేవాడు. అది సాగి, తెగక, గడ్డానికి అంటుకొని, నాలుక కాలి, ఆ కాలిన నాలుకతోనే బడిలో ఎక్కాలు చెప్పేవాణ్ణి. వారానికొకసారి ఆయన బెల్లం లారీ ఎక్కి మద్రాసు పోయేవాడు. వచ్చేటప్పుడు అక్కడి ముచ్చట్లు తెచ్చేవాడు. కోడంబాకంలో స్టూడియో గోడ మీదుగా చూస్తే లోపల అట్టతో కట్టిన గుడి కనబడిందని, ముందునుంచి గోపురమూ వెనకనుంచి కట్టెలూ అని చెప్పేవాడు.

ఆయన తల్లి, మా అవ్వ తాయమ్మ, మా బడి గేటు ముందు గంప పెట్టుకొని రేగ్గాయలు, వేయించిన శెనక్కాయలు అమ్మేది. తాత చిన్నవయసులోనే పోయాడు. అప్పటినుంచి గుడిలోగాని పెళ్ళిలోగాని ఆమెను ముందుకు రానిచ్చేవాళ్ళు కాదు. ఆమెకు మిగిలిన దేవుడు చంద్రుడొక్కడే. "ఆయనైతే మన వాకిట్లోకే వస్తాడు, ఎవురూ అడ్డం నిలబడరు" అనేది. అమావాస్య పోయిన మూడోనాడు నెలపొడుపు చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. చూసి దండం పెట్టి, వెంటనే కళ్ళు మూసుకొని, "ఒరే గంగా, యాడుండావు" అని పిలిచేది. నేను పరుగెత్తి పోయి నిలబడాలి. కళ్ళు తెరిచి మొదట ఎవరి మొహం చూస్తే నెలంతా ఆ మొహం చలవ. మా ఇంట్లో అంతమంది ఉండగా ఆమె నా మొహమే చూసేది. రెండు చేతులతో నా చెంపలు పట్టుకొని తనివితీరా చూసేది. ఆ చేతులు శెనక్కాయ పొట్టు వాసన వచ్చేవి.

ఆ ఏడు మా ఊరికి సర్కారు సినిమా వ్యాను వచ్చింది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి, కుటుంబ నియంత్రణ బొమ్మ ఒకటి, వరి తెగుళ్ళ బొమ్మ ఒకటి వేసి, చివర్లో మనుషులు చంద్రుడి మీద దిగిన బొమ్మ వేశారు. మేమంతా ఈలలు వేశాం. ఇంత లావు చెప్పులు వేసుకొని వాళ్ళు దుముకుతుంటే, కింద బూడిద మాదిరి నేల, దాంట్లో పాదం అచ్చు. అవ్వ సగంలోనే లేచి ఇంటికి పోయింది.

ఆ నెల ఆమె నెలపొడుపు చూడలేదు. వాకిట్లోకే రాలేదు. చెప్పులతో తొక్కినదానికి దండం ఎట్లా పెట్టేదని ఒక్కమాట అని గోడవైపు తిరిగి పడుకుంది. పైనెల కూడా అంతే. రాత్రిపూట అన్నం మానేసింది. చూస్తుండగానే చిక్కి, గంప ఎత్తలేక మధ్యలో దించుకుంటూ పోయేది. నన్ను పిలిచేవాళ్ళు లేరు. తదియనాడు నేను ఊరికే వాకిట్లో నిలబడి లోపలికి వచ్చేవాణ్ణి.

అప్పుడే ఒక వారం నాయన మద్రాసునుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అవ్వ పక్కన కూర్చున్నాడు. ఆ మాటలు నాకు ఈ రోజుకూ అట్లే వినబడతాయి.

"అమా, ఆ బొమ్మ మద్రాసులో తీసినారంట. కోడంబాకంలో. నేల కోసం బూడిద కావల్లంటే, మన గానుగ బూడిదే నేను నాలుగు గోతాలు తోలినా. వాళ్ళు తొక్కింది మన బూడిద. చంద్రుణ్ణి యెవురూ తొక్కలేదు."

అవ్వ చాలాసేపు ఆయన మొహం చూసింది. తర్వాత, "నేను అప్పుడే అనుకున్న్యా, ఆ బూడిద యాడో చూసినట్టుండాదే అని" అంది. ఆ రాత్రి అన్నం తినింది. మరుసటి నెల నన్ను పిలిచింది.

నాకు భూమ్మీద కాళ్ళు ఆగలేదు. మా బూడిద సినిమాలో ఉంది మరి. సైన్సు అయ్యవారు చంద్రుడి పాఠం చెప్తుంటే లేచి నిలబడి, అదంతా మద్రాసులో తీశారు సార్, నేల మా గానుగ బూడిద అన్నాను. తర్వాత సంగతి చెప్పాను కదా. బెత్తం విరిగింది. మీ నాయనను పిల్చుకొని రా, అంతదాకా తరగతిలో కాలు పెట్టొద్దు అన్నారు. నాయనకు చెప్పాను. వస్తానన్నాడు. రాలేదు. ఒకరోజు, రెండు రోజులు, వారం. నేను తరగతి బయట గోడ పక్కన కూర్చొని దారివైపు చూసి చూసి, ఎనిమిదో రోజు బడికి పోకుండా నేరుగా గానుగకు పోయి గరిటె అందుకున్నాను. నాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. అవ్వ అడిగితే, నాకే చదువు ఎక్కలేదని చెప్పాను.

ఇదీ ధనశేఖర్ అడిగిన కత.

శుక్రవారం తిరుపతికి బెల్లం వేసేదానికి పోయినప్పుడు కొర్లగుంటలో మా చంద్రకాంతమ్మత్త ఇంటికి పోయాను. నాయన చెల్లెలు ఆమె. డెబ్భైయారేళ్ళు, ఆ కాలపు మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. మిద్దె మీద వడియాలు ఎత్తుకుంటూ ఉంది. నేనూ ఒక చేట పట్టుకొని, నిజంగా బూడిద పోయిందా అత్తా అని అడిగాను.

ఆమె నవ్వింది. బూడిద యాడికి పోతుంది, మన చేలోకే పోయింది, ఆ ఏడు వంకాయలు బాగా కాశాయి అంది.

"అయితే నాయనకు తెలుసు."

"తెలీకేమి. వాళ్ళు దిగినప్పుడు పేపర్లో పడిన బొమ్మ కత్తిరించి పెట్టెలో పెట్టుకున్నోడు మీ నాయన. అమ్మ చెవిన పడకుండా నాకొక్కదానికే చెప్పి మురిసిపోయినాడు."

చేట కింద పెట్టాను. ముల్లు ఇంకొంచెం లోపలికి దిగింది. "మరి బడికి ఎందుకు రాలేదు? వచ్చి ఒక్క మాట, నేనే చెప్పినా అంటే సరిపోయేది కదా" అన్నాను. గొంతు పెరిగింది. ఈ వయసులో ముసలామె మీద అరిచాను.

అత్త వడియాలు ఎత్తడం ఆపలేదు.

"వచ్చినాడురా. రెండు దినాలు వచ్చినాడు. గేటు కాడ మా అమ్మ గంప పెట్టుకోని కూసోనుంటే, ఆమెను దాటి లోపలికి పోయి అది అబద్ధమని యెట్ల చెప్తాడు? ఆమెకు వినబడదా? అప్పుడప్పుడే అన్నం తింటా ఉండాది మనిషి. మలుపు కాడ నిలబడి నిలబడి తిరిగొచ్చేసినాడు. మా ఇంటికొచ్చి యేడ్చినాడు."

"నాకన్నా చెప్పచ్చు కదా."

"నేనూ అదే అన్న్యా. ఇంట్లో పిల్లోడికి చెప్పు, వాడు అర్థం చేసుకుంటాడు అని. మీ నాయన యేమన్న్యాడో తెలుసా? వాడి మొహం తదియ తదియకూ అమ్మ చేతుల్లో ఉంటాది, వాడు యేం దాస్తాడు అన్న్యాడు. చదువు ఒకేడు పోతే మళ్ళా చేర్పిస్తా, అమ్మ పోతే యాడ తెచ్చేది అన్న్యాడు."

అవ్వ ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. ఎనిమిదేళ్ళూ నెలనెలా నా మొహం పట్టుకొని చూసింది. ఆ ఒకేడు ఎనిమిదేళ్ళయింది. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి, చేతుల మీద పాకం కాలిన మచ్చలు వచ్చాయి. నాయన, అవ్వ ఇద్దరి మంచితనం మధ్యలో నా బడి పడిపోయింది. ఎవరిని తిట్టాలి?

పొద్దు గూకింది. పోయొస్తానని లేస్తే, ఉండుండు అని అత్త నా రెక్క పట్టుకుంది. పడమటివైపు, కరెంటు తీగల వెనక, గోరంత చంద్రుడు ఉన్నాడు. ఆ రోజు తదియ అని నాకు గుర్తే లేదు. ఆమె దండం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకొని, చేతులు చాపి వెతుక్కుంది. నేను పోయి నిలబడ్డాను. యాభైయైదేళ్ళ మొహం. ఆ చేతులకు నొప్పుల మందు వాసన ఉంది. అయినా కళ్ళు తెరిచి ఆమె చూసిన చూపు మా అవ్వదే.

ఆదివారం ధనశేఖర్ వచ్చాడు. కర్రకు ఫోను తగిలించి, నన్ను పొయ్యి వెనక బూడిద కుప్ప ముందు నిలబెట్టి, ఒక పిడికెడు తీసి నిదానంగా వదలమన్నాడు. రెండుసార్లు వదిలించాడు. గాలి లేనట్టు పడాలంట.

"ఇప్పుడు చెప్పప్పా. మీ నాయన తోలింది ఈ బూడిదే కదా?"

చెయ్యి పంచెకు తుడుచుకున్నాను.

"తోల్లేదు. మా నాయన పేరు వరదయ్య. వారం వారం మద్రాసుకు బెల్లం తోలినాడు, బూడిద పిడికెడు కూడా తోల్లేదు. వాళ్ళు చంద్రుడి మీదికి పోయినారు. ఆయనకా సంగతి బాగా తెలుసు. తల్లి అన్నం మానేస్తే, ఆమె తినల్లని అబద్ధం చెప్పినాడు."

ధనశేఖర్ కర్ర దించాడు. మొహం మాడిపోయింది.

"ఏందప్పా ఇది. పోయినారని చెప్తే యెవురు సూస్తారు? అది అందరికీ తెలిసిందే కదా."

"అయ్యవారు ఆ దినం నాతో యేమన్న్యాడు? నువ్వూ విన్న్యావు కదా."

"మీ నాయనను పిల్చుకోని రా అన్న్యాడు."

"పిల్చుకోని వచ్చినా. నీ చానెల్లో పెడితే పెట్టు, లేకుంటే తుడిచేయి."

పెనంలో పాకం బుడగ పెద్దదవుతూ ఉంది. నేను పోయి గరిటె అందుకున్నాను. ఒక ఆకులో కొంచెం పోసి ఇస్తే, అతను మొండిగోడ మీద కూర్చొని ఊదుకుంటూ తిన్నాడు. గడ్డానికి అంటుకుంది. తుడుచుకోలేదు.

"మీ అవ్వ ముందర మాత్రం నిన్ను ఒక్కనాడూ ఆ బూడిద పేరుతో పిలవలేదప్పా" అన్నాడు కొంతసేపటికి. "ఒకసారి పిలవబోతే, మీ నాయన మలుపు కాడ నిలబడి ఉండినాడు. నన్ను పక్కకు పిల్చి, గేటు కాడ మాత్రం వద్దు నాయనా అని చేతులు పట్టుకున్న్యాడు. యెందుకో అప్పుడు నాకు తెలీలా."

పాకం ముదురుతూ ఉంది. నేను అటు తిరిగి కలియబెడుతూ ఉండిపోయాను.