పూజగదిలోంచి రోడ్డు

శుక్రవారం తెల్లవారేసరికి కొత్త రోడ్డు రత్నమాల పూజగదిలోంచి బయలుదేరి, హాలు మీదుగా సాగి, వీధి గుమ్మం దాటి వెళ్తోంది. ఇంకా వేయని రోడ్డు అది. ఎటునుంచి ఎటు వెళ్తుందో ప్రభుత్వంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందికే తెలియాలి. తారు ఇంకా వెచ్చగానే ఉంది. రత్నమాల చీపురు తెచ్చి, అంచుల్లో చేరిన కంకర ఊడ్చి చేటలోకి ఎత్తుతుంది.

ఆమె భర్త త్రివిక్రమరావు రోడ్ల శాఖలో జాయింటు సెక్రటరీ. హాల్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. లారీ వచ్చినప్పుడల్లా రెండు కాళ్ళూ పైకెత్తుతాడు. వెళ్ళాక దించుతాడు.

"ఏమండీ, దీన్ని ఎవరైనా చూస్తే?" అంటుంది రత్నమాల.

"తివాచీ వెయ్యి," అంటాడాయన పేపరు దించకుండా.

ఆమె తివాచీ వేస్తుంది. రోడ్డు తివాచీ పైకి వస్తుంది.

పేపరు నిండా ఈ రోడ్డే. గుట్టుగా ఉండాల్సిన దారిని ఎవరో ముందే బయటపెట్టారనీ, దాని పొడవునా పొలాలు పెద్దవాళ్ళ బంధువుల చేతుల్లోకి వెళ్ళిపోయాయనీ, అసెంబ్లీలో గొడవ గొడవగా ఉందనీ రాశారు. బయటపెట్టిన మనిషి దొరికిందని కూడా రాసి, పక్కనే సలోమి ఫొటో వేశారు. సలోమి త్రివిక్రమరావు దగ్గర సెక్షన్ ఆఫీసరు. ఫైళ్ళు ఆమె చేతిమీదుగా వెళ్తాయి కాబట్టి రహస్యమూ ఆమె చేతిమీదుగానే వెళ్ళి ఉండాలని పైవాళ్ళకు చెప్పింది త్రివిక్రమరావే.

సలోమి కాదని రత్నమాలకు తెలుసు.

శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం నాడు క్వార్టర్సులోని ఆఫీసర్ల భార్యలంతా ఈ ఇంటికే పేరంటానికి వచ్చారు. చీఫ్ ఇంజినీరుగారి భార్య ఇందుమతి పీట మీద కూర్చుని కాళ్ళకు పసుపు రాయించుకుంటూ, వాళ్ళాయన తనతో చెప్పకుండా ఏ పనీ చెయ్యడని అందరికీ చెప్పింది. పసుపు గిన్నె రత్నమాల చేతిలో ఉంది. ముందురోజే త్రివిక్రమరావు పెరుగన్నం కలుపుకుంటూ ఆ దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు ఆమెతో అన్నాడు. మా ఆయన మాత్రం చెప్పరా ఏమిటి అనిపించింది ఆమెకు. పసుపు వేలితో పూజగది గచ్చు మీద పొడుగ్గా ఒక గీత గీసింది. ఊరు వచ్చిన చోటల్లా, ముగ్గుకు పెట్టినట్టు, ఒక చుక్క పెట్టి పేరు చెప్పింది. పేరంటాళ్ళు వంగి చూశారు. ఆ తరువాత వాయనాలు ఇచ్చి పుచ్చుకుని, ఒళ్ళో శనగలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళారు.

ఆ రోజే సలోమి ఏదో సంతకం కోసం వచ్చి, చెప్పులు విప్పి వరండాలో నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రత్నమాల చూసి కూడా అనలేదు. గుప్పెడు శనగలైనా పెట్టలేదు.

ఆ గీతే ఇప్పుడు రోడ్డు.

తొమ్మిదయ్యేసరికి ఇందుమతి ఆ రోడ్డు మీదే నడుచుకుంటూ ఇంట్లోకి వస్తుంది. చంకలో ఒక మడత ఉంది.

"రత్నా, ఇది నాలుగు రోజులు నీ బీరువాలో పెట్టవే. మా ఇల్లు సోదా చేస్తారట."

మంచం మీద పెట్టి ఒక మడత విప్పి చూపిస్తుంది. మిరప చేను. నాలుగు మడతలు పెట్టి మధ్యలో కలరా ఉండలు వేశారు.

"అంచు చూడు, కాలువ అంచు! పైట కొంగుకి మామిడితోట వచ్చింది. ఎంత పల్చగా ఉందో, ఒళ్ళో వేసుకుంటే తెలియనే తెలియదు."

"ఎవరిది వదినగారూ?"

"ఎవరిదేమిటే, నాదే. మా తమ్ముడి పేరున తీశాం."

"అంతకుముందు?"

"చీర కొన్నప్పుడు నేసినవాళ్ళ పేరు అడుగుతావుటే నువ్వు? చాదస్తం కాకపోతే!"

మడతలో ఒక ముసలావిడ గొంతుకూర్చుని మిరపకాయలు కోస్తోంది. తల ఎత్తి, "అమ్మా, ఆ పక్క మడత కాస్త ఇప్పండి తల్లీ, ఊపిరాడ్డం లేదు," అంటుంది. ఇందుమతి ఆ మాట తనతో కాదన్నట్టు చేనును మళ్ళీ మడిచి, అరచేత్తో ముడతలు తీస్తుంది. రత్నమాల దాన్ని బీరువాలో పట్టుచీరల పక్కన పెడుతుంది. తలుపు పూర్తిగా వెయ్యదు. తను చెయ్యగలిగింది ఇంతేనని అనుకోవడానికి ఆమెకే సిగ్గుగా ఉంటుంది.

బస్సు వచ్చి సలోమిని హాల్లో దించి వెళ్తుంది. సలోమి రోడ్డు అంచునే నిలబడుతుంది. ఇంటి గచ్చు మీద కాలు పెట్టదు.

"విచారణ ఇక్కడేనట మేడమ్. రోడ్డు ఎక్కడ మొదలైందో అక్కడే కూర్చుంటారట."

"అలాగా," అంటుంది రత్నమాల.

"సాయంత్రానికి నన్ను తీసేస్తారంటున్నారు. ఆపైన కేసు. మా ఆయన పోయాక పిల్లను పక్కన పడుకోబెట్టుకుని చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం మేడమ్ ఇది. మీరు చూశారు కదా, ఆ రోజు నేను లోపలికి రాలేదు. ఆ ఒక్క మాట చెప్పండి. చాలు."

రత్నమాలకు ముఖం మండిపోతుంది. తప్పు చేసినప్పుడు సాటి ఆడదానితో ఏం మాట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మర్యాద చెయ్యడం మాత్రం నేర్పారు.

"ముందు లోపలికి రామ్మా. ఇలా కూర్చో." పీట వాలుస్తుంది. పసుపు గిన్నె తెస్తుంది.

"అయ్యో, మాకు అలవాటు లేదు మేడమ్."

"ఆ రోజు పెట్టలేదు. ఇవాళైనా పెట్టనీ. కాదనకు."

సలోమి మడమలు పగిలి ఉన్నాయి. రత్నమాల ఆ పగుళ్ళలోకి కూడా పసుపు వెళ్ళేలా, ఇంతవరకూ ఏ పేరంటాలికీ రాయనంత శ్రద్ధగా రాస్తుంది. సలోమి కళ్ళు తుడుచుకుంటుంది. రత్నమాల మనసు కాస్త తేలికపడుతుంది.

అంతలో విచారణ సంఘం వస్తుంది. ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురికీ ఒకటే కళ్ళజోడు. ఒకరు చూశాక తీసి పక్కవారికి ఇస్తారు. రోడ్డు మధ్య కుర్చీలు వేయించుకుని కూర్చుంటారు. రత్నమాల కాఫీలు ఇస్తుంది.

"ఆ రోజు గీత చూసినవాళ్ళ కాళ్ళకు పసుపు ఉంది," అంటాడు అధ్యక్షుడు. "అంతవరకూ తేలింది. కాబట్టి అందరూ కాళ్ళు చూపించండి."

ఇందుమతి కాళ్ళకు మేజోళ్ళున్నాయి. అధ్యక్షుడు వాటికేసి మర్యాదగా చూస్తాడు. "ఆఫీసర్ల ఇళ్ళలోని మేజోళ్ళు మా పరిధిలోకి రావు," అంటాడు. ఇందుమతి నమస్కారం పెడుతుంది.

తరువాత కళ్ళజోడు సలోమి పాదాల మీదికి తిరుగుతుంది. ముగ్గురూ వంతులవారీగా చూస్తారు.

"ఇది ఇప్పుడు రాసింది సార్," అంటుంది సలోమి. "తడి కూడా ఆరలేదు. మేడమ్ గారే రాశారు. అడగండి."

"తడి మాకు కనబడదమ్మా. రంగు ఒక్కటే కనబడుతుంది." అధ్యక్షుడు రత్నమాల వైపు తిరుగుతాడు. "ఈవిడ కాళ్ళకు పసుపు మీరే పెట్టారా తల్లీ?"

పొద్దుటినుంచి మొదటిసారిగా త్రివిక్రమరావు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంటాడు. భార్యకేసి చూస్తాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. జ్వరంతో ఉన్న పిల్లవాడు అమ్మకేసి చూసినట్టుంది.

"పెట్టాను," అంటుంది రత్నమాల.

ఎప్పుడు అని వాళ్ళు అడగరు. ఆమె చెప్పదు.

సలోమి ఆమెకేసి చూస్తుంది. తిట్టదు, ఏడవదు. "మీ చేతులు చల్లగా ఉంటే, మంచి మనసు అనుకున్నాను మేడమ్," అని లేస్తుంది. లేచినప్పుడు పాదాలు ఆమెతో రావు. రెండూ పీట మీదే ఉండిపోతాయి. సలోమి చీలమండల పైనుంచి ఉన్నదాన్నంతా తీసుకుని, మునుపటి ఎత్తులోనే, రోడ్డు మీద నడుచుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోతుంది.

"పాదాలు మీ దగ్గరే ఉంచండి," అంటాడు అధ్యక్షుడు కాఫీ చివరి గుక్క తాగి. "అవసరమైతే పిలుస్తాం."

వాళ్ళు వెళ్ళాక త్రివిక్రమరావు దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. "గొప్పగా చెప్పావోయ్. అబద్ధం కూడా ఆడలేదు." పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన గొంతు ఇంత మెత్తగా ఎప్పుడూ లేదు. ఆ మెత్తదనానికి రత్నమాలకు ఒంటిమీద బట్టలు లేనట్టు ఉంటుంది.

ఆమె పాదాలను పెరట్లోకి తీసుకెళ్ళి కడుగుతుంది. సున్నిపిండి పెడుతుంది, చింతపండు పెడుతుంది, కొబ్బరిపీచుతో రుద్దుతుంది. పసుపు పోదు. కడిగినకొద్దీ పాదాలు చిన్నవవుతాయి. మొదట పదేళ్ళ పిల్లవి అవుతాయి. ఇంకో చెంబు పోస్తే చంటిపిల్లవి. ఇంకోటి పోసేసరికి చింతగింజలంత అవుతాయి. అయినా వేళ్ళున్నాయి, వేళ్ళకు గోళ్ళున్నాయి, మడమల్లో పగుళ్ళు కూడా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి.

"ఎక్కడున్నావ్ రత్నా?" త్రివిక్రమరావు పెరట్లోకి వస్తున్నాడు.

దాచడానికి చోటు దొరక్క ఆమె వాటిని నోట్లో వేసుకుంటుంది. దుమ్ము రుచి. అవి నాలుక మీద ఆగకుండా గొంతులోకి దిగిపోతాయి. లోపల ఎక్కడో నిలబడతాయి.

ఆయన చేతిలో ఫోను ఉంది. ముఖం వెలిగిపోతోంది. "మంత్రిగారు! నీకు స్వయంగా థాంక్స్ చెప్తారట. ఒక్క ముక్క మాట్లాడు." ఫోను ఆమె చెవికి ఆనిస్తాడు.

రత్నమాల కడుపులో నడక మొదలవుతుంది. చిన్న అడుగులు, తొందర లేని అడుగులు. పక్కటెముకలను మెట్లలా పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఆమె పెదవులు బిగించి ఉంచుతుంది.

"అమ్మా, నమస్కారం," అంటుంది ఫోను. "అమ్మా, వినబడుతోందా? చెప్పండమ్మా."

"చెప్పవోయ్," అంటాడు త్రివిక్రమరావు నవ్వుతూ, ఆమె ముఖంలోకి వంగి.

రత్నమాల నోరు తెరుస్తుంది. ఆయన నవ్వు ఆగిపోతుంది. నాలుక మీద, కింది పళ్ళ వరసకు ఇవతల, రెండు పసుపుపచ్చని పాదాలు వేళ్ళు బయటికి పెట్టి నిలబడి ఉన్నాయి. కుడి మడమ మెల్లగా పైకి లేస్తోంది.