డబ్బా పెట్టిన చోటు

దుర్గయ్య బొటనవేలిని బూడిదలో అద్ది చూపుడువేలికి రాశాడు. పాత పోగును, కొత్త పోగును ఒకచోటికి తెచ్చి వేళ్ల మధ్య ఒక్క మెలిక తిప్పాడు. ముడి పడింది. చేయి అప్పుడే పక్క పోగును వెతుక్కుంది. తలపైన ట్యూబులైటు వెలుగుతోంది గానీ అతని చూపు పోగుల మీద లేదు. ఎవరో చెబుతున్న కబురు వింటున్నట్టు ముఖం ఎదుటి గోడవైపు ఎత్తి ఉంది.

సాంచె అనే మరమగ్గం మీద ఒక భీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, అయిపోతే దాని చివరి పోగులకు కొత్త భీము పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. సిరిసిల్లలో దాన్ని వైపని అంటారు. వేలు జారకుండా కాస్త బూడిద అద్దుకుంటారు. ముడి వదులైతే పోగు తెగి బట్టలో గీత పడుతుంది. దుర్గయ్య అతికిన భీములో గీత పడిందన్న ఫిర్యాదు ఆ షెడ్డులో ఎప్పుడూ రాలేదు.

అతను పొట్టి మనిషి. ఏళ్ల తరబడి సాంచె వెనక పీట మీద వంగి కూర్చోవడంతో మెడ ముందుకు సాగి అలాగే ఉండిపోయింది. చేతులు మాత్రం ముఖం కన్నా చిన్న వయసువాడివిలా ఉంటాయి. తండ్రి ఇబ్రహీంపట్నం దగ్గర తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ఒక వానకాలం మోకు జారి పడి, మంచంలోంచే కొడుకుతో చెప్పాడు: "నువ్వు నేల ఇడువకు కొడుకా." మీసం రాకముందే దుర్గయ్య సిరిసిల్ల వచ్చి నేల మీద పీట వేసుకున్నాడు. ఆ పీట మీద ఉండగానే కూతురు పుట్టిన కబురు వచ్చింది. ఆమె పెళ్లయి కోరుట్ల వెళ్లిన మర్నాడు కూడా పొద్దున్నే వచ్చి ఆ పీట మీదే కూర్చున్నాడు.

ఒకప్పుడు ఈ షెడ్డులో మాట వినాలంటే చెవిలో నోరు పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు సాంచెలు తుక్కు కింద అమ్ముడుపోతున్నాయి. ఎత్తుకుపోయిన చోట నూనె మరకలు, బోల్టు గుంతలు మిగిలాయి. నడిపినవాళ్లు ఏమీ అడగకుండానే భీవండికి, సూరత్‌కు బస్సెక్కారు. మిగిలింది ఒక్క సాంచె, దాని మీద లంగా గుడ్డ ఆఖరి భీము.

కండెలు చుట్టే సత్తవ్వ గంప చంకన పెట్టుకుని వచ్చింది.

"ఆఖరి భీముకు గింత ముద్దుగ అతుకుతున్నవు దుర్గన్నా. లంగా గుడ్డనే గదనే, పట్టుచీర గాదు."

"ఆఖరిదని వదులు ముడెయ్యాల్నా?"

"వెయ్యి. దొర వచ్చి లెక్కవెడ్తడా?"

దుర్గయ్య పెదవి ఒక పక్కకు సాగింది. అతని నవ్వు అంతే. సత్తవ్వ వెళ్తూ వెళ్తూ దారిలో ఉన్న ఖాళీ గంపను కాలితో గోడవైపు నెట్టింది.

ఆఖరి ముడి వేశాక అతను చాలాసేపు పీట మీద నుంచి లేవలేదు. తర్వాత పీట పక్క కిటికీలోని బూడిద డబ్బా మూతపెట్టి జేబులో వేసుకున్నాడు. ఎప్పటిదో వక్కపొడి డబ్బా అది. భార్య గంగవ్వ పిడకల బూడిదను పాత చీర గుడ్డలో జల్లించి అందులో నింపుతుంది. వైపని వాళ్లు కొత్త షెడ్డులో కుదిరినప్పుడు కిటికీలో తమ డబ్బా పెడతారు. కాగితం ఉండదు. ఫలానావాడు డబ్బా పెట్టాడంటే పని ఒప్పుకున్నాడని ఊరంతా అనుకుంటుంది. మానేసే రోజున డబ్బా తీసుకుపోతాడు.

ఈ రోజు అతను ఎల్లంతకుంట వెళ్లాలి. షెడ్డు యజమాని జలపతి రావుకు అక్కడ రైసుమిల్లు ఉంది. షెడ్డు మూస్తున్నందుకు ఇవ్వాల్సిన పరిహారం సంగతి ఎత్తితే ఆయన, "పని పోతేనే గదా పరిహారం? మిల్లుల రాత్రి కావలి ఇస్తున్న, ఇగ పని పోయిందెక్కడ?" అన్నాడు. మంచి చేస్తున్నాననే ఆయన నమ్మకం.

టీ కొట్టు దగ్గర కార్మిక సంఘం ఎల్లేశం ఎదురుచూస్తున్నాడు.

"మంచిగ ఇను మామా. బదులు పని అంటే నీతోటి అయ్యే పని గావాలె, జీతం గూడ గంతే ఉండాలె. అట్ల లేకుంటే నువ్వు వద్దన్నా నీ హక్కు యాడికి పోదు. కని ఒక్కసారి ఒప్పుకున్నవంటే పరిహారం పోయినట్టే. జూసి వస్త అను, గంతే. ఇగ జెప్పు, గా పని నీతోటి అయితదా, కాదా?"

దుర్గయ్య గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకు గాదో నాకన్న జెప్పు మామా. నేను మాట్లాడుత."

"రాత్రి పని... గాలి పడది," అన్నాడు చివరికి. ఎల్లేశం నెత్తి గోక్కున్నాడు.

నిజం వేరే. కొన్నేళ్లుగా పొద్దు వాలితే అతనికి కనబడదు. మోతిబిందు అని, అంటే కళ్లలో శుక్లాలని, ఆపరేషన్ చేయించుకోమని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. మంచమెక్కితే తన పీట మీద ఇంకొకడు కూర్చుంటాడని వాయిదా వేశాడు. చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. షెడ్డులో చూపు మసకైన కొద్దీ వేళ్లకు పని నేర్పుకున్నాడు. పరిహారం చేతికొస్తే ముందు కళ్లు, తర్వాత ఇంటి ముందు చిన్న దుకాణం అని గంగవ్వ బీడీలు చుడుతూ రోజూ చెబుతుంది. కానీ కళ్ల సంగతి బయటపెడితే, గుడ్డివాడికి ఇన్నేళ్లు జీతమిచ్చామా అని ఉన్నదీ ఎగ్గొడతారేమో. ఆ భయంతోనే నోరు మూసుకున్నాడు.

జలపతి రావు కారులో ఎల్లేశంతో సహా ముగ్గురూ మిల్లు చేరేసరికి పొద్దు వాలింది. కరెంటు లేదు. వడ్ల కుప్పల మీద దుమ్ము లేస్తోంది. కావలి గదిలో ఒక మంచం, కుండ, చిన్న కిటికీ ఉన్నాయి.

"ఎట్లున్నది దుర్గయ్యా? మెడ వంచేది లేదు, నడుం వంచేది లేదు. టార్చి పట్టుకొని తిరుగుడే."

దుర్గయ్య గది అంతా చూస్తున్నట్టు తల తిప్పాడు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురు ఒక్కటే అతనికి ఆనవాలు. ఆ వైపు నడిచాడు. జేబులోంచి డబ్బా తీసి కిటికీలో పెట్టాడు. ఎందుకు పెట్టాడంటే చెప్పలేడు. ఏ గదిలోకి పనికి వెళ్లినా అతని చేయి చేసే మొదటి పని అదే.

జలపతి రావు నవ్వాడు. "డబ్బా పెట్టిండు! ఇంకేం మాటలు ఎల్లేశం? ఒప్పుకున్నడు."

"అయ్యో మామా, గదేం పనే!" ఎల్లేశం నుదురు కొట్టుకున్నాడు.

"అలవాటు మీద పెట్టిన దొరా, తీత్త," అంటూ, అప్పటికే గుమ్మం దాకా వచ్చిన దుర్గయ్య వెనక్కి తిరిగాడు. ఆ కాసేపట్లోనే బయట వెలుతురు ఇంకా తగ్గింది. అతనికి కిటికీ గోడలో కలిసిపోయింది. చేయి గోడను తడిమింది. మంచం కోడు కాలికి తగిలింది. చేయి పక్కకు జరిగి కుండను తాకింది. కుండ పడి పగిలింది. నీళ్లు అందరి కాళ్ల కిందికీ వచ్చాయి. అతను ఇంకా తడుముతూనే ఉన్నాడు, డబ్బాకు జానెడు దూరంలో.

మిగతా ఇద్దరూ డబ్బా వైపు, అతని చేతి వైపు చూశారు. వాళ్లకు ఆ మసకలోనూ డబ్బా స్పష్టంగా కనిపిస్తోంది.

దుర్గయ్య చేయి దించాడు.

"పొద్దుగూకితే నాకు కనబడది దొరా."

"ఎప్పటిసంది?"

"శానేండ్లాయె."

"మరి భీములెట్ల అతికినవయ్యా?"

"వేళ్లు జూసుకునేటియి."

ఎల్లేశం ముందుకొచ్చాడు. "సారు, చీకట్ల కనబడని మనిషికి రాత్రి కావలి బదులు పని ఎట్లయితది? కాయిదం ఏ సాబు ముందటికి పోయినా..."

"నాకు కాయిదాలు చూపెట్టకు ఎల్లేశం. నాకు కండ్లున్నయి." అన్నాక ఆ మాట తనకే ఎలాగో అనిపించి జలపతి రావు దగ్గాడు. తడి నేల మీద నడిచి వెళ్లి డబ్బా తీశాడు. దుర్గయ్య అరచేయి వెతికి అందులో పెట్టి వేళ్లు మూశాడు. "డబ్బా తీసుకున్నవు. గీ పని నీది గాదు. సోమవారం ఆఫీసుకు రా, ఏండ్ల లెక్క చూసి ఇప్పిస్త."

"కండ్ల పేరు మీద కోత వెడ్తరా దొరా?"

"నువ్వు ఏసిన ముడి ఎన్నడన్న ఊడిందా?"

"లేదు దొరా."

"మరి ఎందుకు పెడ్త?"

దుర్గయ్య రెండు చేతులూ జోడించబోయాడు. డబ్బా అడ్డొచ్చి ఆగిపోయాయి.

కారు అతన్ని షెడ్డు దగ్గర దింపింది. అన్నం గిన్నె అక్కడే ఉంది. సత్తవ్వ తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమాయె?"

"చెప్పిన సత్తవ్వా. దొర పైసలే ఇత్తడట."

"ఏం జెప్పినవు?"

"కండ్ల ముచ్చట. నాకు మాపటీలి కనబడది."

సత్తవ్వ గుమ్మంలోంచి పక్కకు జరిగి దారిచ్చింది. "గదా! నేను కొత్త ముచ్చట ఏదో చెప్తవనుకున్న. నువ్వు వచ్చే దారిల గంపలన్ని ఇన్నేండ్లు ఎవలు జరిపిండ్లనుకున్నవు? దయ్యాలా?"

"నీకు ఎర్కేనా?"

"షెడ్డు మొత్తానికి ఎర్కే. భీవండి పోయినోళ్లకు గూడ ఎర్కే. నీకే ఎర్క లేదు, మాకు ఎర్కున్నదని."

దుర్గయ్య నవ్వాడు. ఈసారి నోరు పూర్తిగా తెరుచుకుంది. నవ్వు ఖాళీ షెడ్డులోకి వెళ్లి తిరిగొచ్చింది. అతను లోపలికి నడిచాడు. ఇక్కడ అతనికి వెలుతురు అక్కర్లేదు. గిన్నె తీసుకున్నాడు. కిటికీ దగ్గర ఆగి, జేబులోంచి డబ్బా తీసి దాని పాత చోట పెట్టాడు. మూత తీసి, అలవాటు కొద్దీ బొటనవేలు ఒకసారి అద్దాడు.

"డబ్బా మర్సినవు," అంది సత్తవ్వ.

"ఉండనియ్యి. మానినోడు తీసుకపోవాలె. నేను మానలేదు, పనే మానింది."

ఆమె తాళం వేసి అతని మోచేయి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. ఆటోల హారన్ల మధ్య ఇద్దరూ రోడ్డు దాటి, గంగవ్వ లైటు వేసి ఉంచిన గల్లీలోకి తిరిగారు.

మూసిన షెడ్డు కిటికీలో డబ్బా మూత లేకుండా ఉంది. మెత్తటి బూడిద నడుమ ఒక బొటనవేలు పట్టేంత గుంట.