ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వారాలు

యిల్వా రిఫ్రెష్ నొక్కింది. నొక్కగానే అరగంట కూర్చుని పెట్టుకున్న ఫిల్టర్లన్నీ ఎగిరిపోయాయి. నూట నలభై ముగ్గురు ఉద్యోగులూ మళ్ళీ తెర నిండా వచ్చి కూర్చున్నారు. ఖర్మరా బాబూ అనుకుని, పట్టిక తలమీదున్న బుల్లి గరాటు బొమ్మ నొక్కి, డ్రైవర్లు మాత్రమే కనబడేలా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. స్వీడన్‌లోని సుండ్స్‌వాల్ ఊళ్ళో ఆ బస్సుల కంపెనీ ఆమెను తీసుకున్నది టైమ్‌టేబుళ్ళు వేయడానికి. వేసవి సెలవుల పట్టిక ఆమె పని కానే కాదు. "నీకు ఓపిక ఎక్కువ యిల్వా, నా వేళ్ళకి ఇది చేతకాదు" అని ఒక ఏడాది మేనేజరు హొకన్ నవ్వుతూ అంటగట్టాడు. ఇక అది ఆమెకే అంటుకుపోయింది. ఎవడో ఒక డ్రైవరు తన వారాలు మార్చుకుంటాడు. ఆ మార్పు కనబడాలంటే రిఫ్రెష్ కొట్టాలి. కొడితే ఫిల్టర్లు పోతాయి. ఇంట్లో మాత్రం ఏం వెలగబెడుతోందని! రాత్రి సర్దిన వంటగది పొద్దున్నకి ఎవరూ ఎన్నడూ ముట్టుకోనట్టు ఉంటుంది. "కూర్చుని మీటలు నొక్కడమేగా, దానికింత అలసటేమిటి?" అంటాడు మొగుడు తోర్‌బ్యోర్న్, సోఫాలో కాళ్ళు బారజాపుకుని.

అక్కడ తేదీలతో ఎవరికీ పనిలేదు, ఏడాదిలో ఎన్నో వారం అన్నదే లెక్క. ముప్ఫై ఆరో వారంలో దుప్పుల వేట మొదలవుతుంది కాబట్టి మగాళ్ళెవరూ బస్సు నడపరు. ఆ లోటు పూడ్చే మనుషుల్ని యిల్వా ముందే వెతికి పెట్టాలి. ఇరవై తొమ్మిది నుంచి ముప్ఫై రెండు దాకా ఆమె సెలవు. అంటే సముద్రపుటొడ్డున అత్తగారి కుటీరం. "వచ్చావా అమ్మాయ్, ఇక నేను కాస్త నడుం వాలుస్తాను" అంటుంది అత్తగారు మైబ్రిట్, యిల్వా గుమ్మంలో సంచి దింపకముందే. పధ్నాలుగు మందికి బంగాళాదుంపలు ఉడకబెట్టడం, చేపలు కడగడం, పడక దుప్పట్లు ఉతకడం. దీన్ని సెలవంటారు.

ఈ ఏడు మాత్రం దానికి ముందు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వారాలు కూడా, అంటే జూలై మొదటి సగం, అడిగింది. ఐదేళ్ళుగా వాడుకోకుండా దాచుకున్న సెలవులవి. ఆ రెండు వారాలూ గోట్‌లాండ్ దీవిలో సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టడం నేర్పుతారు. సీటు కూడా వచ్చింది. ఆ గోడ ఒకసారి కడితే వందేళ్ళు కదలదట. చేతులతో చేసిన పని మర్నాటికి కూడా ఉండటం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆమెకు ప్రాణం లాగుతోంది. జనవరిలోనే పట్టికలో తన వరుసలో రాసుకుంది. "సరేలే, చూద్దాం" అన్నాడు హొకన్. ఆ మాటతో నిశ్చింతగా ఉండిపోయింది. ఆమె ఫిల్టరు ఎప్పుడూ డ్రైవర్ల మీదే, ఆఫీసువాళ్ళు అందులో రారు. తన వరుస వైపు మళ్ళీ చూసుకోనేలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆమె పట్టికకు తాళం వేయాలి. వేశాక ఇక ఎవరి వారాలూ మారవు. పదకొండున్నరకి హొకన్ కాఫీ కప్పు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదిలో ప్రయాణికుల ఫోన్లు ఎత్తడానికి ఒక మనిషి కావాలి. అందుబాటులో ఎవరున్నారో చూడు."

"జూలైలో ఎవరుంటారు హొకన్? అందరూ ఊళ్ళెళ్ళిపోతారుగా."

"ఎవరో ఒకరు ఉంటారులే. నువ్వు వెతికితే దొరక్కపోవడమా!" అనేసి వెళ్ళిపోయాడు.

అన్ని విభాగాలూ, ఆ రెండు వారాలూ, "అందుబాటులో" అన్న మాటా పెట్టి ఫిల్టరు నొక్కింది. తెర మీద ఒకే ఒక్క వరుస మిగిలింది. అది తన పేరే.

పాత సమాచారం చూపిస్తోందేమో అనుకుంది. రిఫ్రెష్ కొట్టింది. ఫిల్టర్లు పోయాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తనే. మూడోసారీ తనే. అప్పుడు ఆ గడి మీద నొక్కి, ఎవరు మార్చారో చూసింది. ఆరు వారాల కిందట, హొకన్. మార్పుకి కారణం రాయాల్సిన చోట ఇలా ఉంది: "తోర్‌బ్యోర్న్‌తో మాట్లాడాను. ఫరవాలేదన్నాడు."

ఒళ్ళు మండిపోయింది. హొకన్‌దీ మొగుడిదీ ఒకే వేట జట్టు. ఏ చలిమంట దగ్గరో సాసేజి కాల్చుకుంటూ ఆమె జూలైని పంచేసుకున్నారన్నమాట. పోయిన వారమే భోజనాల దగ్గర ఆ గోడ ఫొటో చూపించింది. "బావుంది, రాళ్ళు" అని తోర్‌బ్యోర్న్ వెన్న గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తెలిసి కూడా! ఎంత ప్రశాంతంగా రొట్టెకి వెన్న రాసుకున్నాడు మహానుభావుడు! వెళ్ళి అడిగితే ఏమంటారో ఆమెకు కంఠతా వచ్చు. "ఇంత చిన్న విషయానికా?" అంటాడు హొకన్. "నీకు చెబితే గొడవ చేస్తావనేగా చెప్పలేదు" అంటాడు మొగుడు. "రాళ్ళు మోసే వయసా నీది?" అంటుంది అత్తగారు. చివరికి క్షమించమని అడిగేది తనే అవుతుంది. ఎన్నిసార్లు జరగలేదు!

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది. అలవాటు కొద్దీ ఆమె మనసు ఫోన్ల దగ్గర ఇంకెవర్ని కూర్చోబెట్టాలా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టింది. ఛీ, ఇంకా నేనే వెతకాలా అనుకుంది. ఫోన్ల మనిషి గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీ గడి వదలడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

తన వరుసలో "అందుబాటులో" కొట్టేసి, రెండు వారాల్లోనూ "సెలవు" అని పెట్టింది. కారణం రాయనిదే మార్పు నిలవదని పెట్టె ఒకటి తెరుచుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళాలి. ఆ వంటగదిలోకే, ఆ మనిషి ఎదురుగానే. "యిల్వాతో మాట్లాడాను. వెళ్తానంది" అని రాసి, పట్టికకు తాళం వేసింది.